సంఖ్యకి తెలుగక్షరం, క్షేత్రానికి ఇంగ్లీషక్షరం

తెలుగులో సంఖ్యాక్షేత్రాలకి గుర్తులు ఎలా పెట్టాలో మొట్టమొదట తేల్చి చెప్పినవాణ్ణి నేను. ఈ మాట జగ్గయ్యపేటలో రెండు సన్మాన సభల్లో చెప్పాను, నందిగామలో ఒక పదవీ విరమణ సభలో చెప్పాను (ఆ విరమణ నాదే), పెళ్లి భోజనాల్లో పక్క విస్తరివాళ్లకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ గుర్తులతో నేను రాసిన పుస్తకం చూసి యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన కారేసుకుని వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడని కూడా చెప్పేవాణ్ణి. కారు అబద్ధం. పెద్దాయన బస్సులో వచ్చాడు. వచ్చింది పరీక్షల తనిఖీకి, పట్టుకున్నది చీటీలు పెట్టి రాస్తున్న విద్యార్థి చేతులు. మిగతా సంగతి మాత్రం నిజమేనని మొన్నటిదాకా నేనే నమ్ముతూ వచ్చాను. అబద్ధం కూడా ఇంట్లో చాలా ఏళ్లుంటే ఇంటి మనిషే అవుతుంది. దానికీ ఒక పీట వేస్తాం, ఒక కంచం పెడతాం, ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగడం మానేస్తాం.

ఆ పుస్తకానికి ప్రెస్సులో అక్షరాలు పేర్చిన కంపోజిటర్ మస్తాన్ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఇడ్లీ తింటున్నాను. ఫోను పెట్టేసి, మిగిలిన ఒకటిన్నర ఇడ్లీ తిన్నాను. చట్నీలో ఉప్పు తక్కువైందని కోడలితో అన్నాను కూడా. మర్నాడు బస్సెక్కి నందిగామ వెళ్లాను. వాళ్లింటి ముందు షామియానా విప్పేశారు, అద్దె కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చి గోడకి ఆనించి ఉన్నాయి. కూర్చోమన్నారు, కూర్చున్నాను. టీ ఇచ్చారు, తాగాను. కళ్లలో నీళ్లు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. ఎండలో చాలాసేపు నిలబడ్డవాడి అరికాళ్లకి నేల వేడి తెలియనట్టు ఉంది నాకు లోపల.

మస్తాన్ కూతురు షమీమ్ వచ్చి ఎదురుగా కూర్చుంది. యాభై దగ్గర పడుతున్న మనిషి, ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతుంది. కాసేపు ఆస్పత్రి సంగతులు చెప్పింది. తర్వాత, "సార్, మీ దగ్గర ఆ పుస్తకం ఉందా?" అంది.

"ఏ పుస్తకమమ్మా?" అన్నాను, ఏ పుస్తకమో తెలిసే.

"మీరు రాసింది, నాన్న కంపోజ్ చేసింది. సంఖ్యాక్షేత్రాలు. ముందుమాటలో నాన్న పేరుందంట గదా. గుర్తులన్నీ ఎట్టా పెట్టాలో నాన్నే చెప్పాడని మీరు రాశారంట. మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పాడో. మా వారేమో, ఐదో క్లాసు చదివిన మావయ్యకి డిగ్రీ పుస్తకంలో పేరేంటి, ముసలాయన కోతలు కోస్తన్నాడు అని నవ్వేవారు. నలభయ్యో రోజు ఫాతిహాకి చుట్టాలందరూ వస్తారు సార్. ఆ పేజీ ఒక్కటి చూపించాలి."

"వెతుకుతానమ్మా," అన్నాను. పుస్తకం మా ఇంట్లో ఏ బీరువాలో, ఏ అరలో, ఏ దుప్పటి కింద ఉందో నాకు తెలుసు. ఆ ముందుమాటలో మస్తాన్ పేరు లేదనీ తెలుసు.

అది ఎందుకు లేదో చెప్పాలంటే మా మేనమామ రాఘవయ్య ఇంటికి వెళ్లాలి. కాలేజీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో సోమవారం నుంచి శనివారం దాకా నందిగామలో ఆయన ఇంట్లోనే ఉండేవాణ్ణి, ఆదివారం మా జగ్గయ్యపేటకి వచ్చేవాణ్ణి. ఆ ఇంట్లో అన్నిటికంటే ముందు ముక్కు నిద్రలేచేది. ముందు గదినిండా గోతాల్లో ఎండు మిరపకాయలు, వెనక వసారాలో పొగాకు, వంటింట్లో కాగుతున్న నెయ్యి. ఈ మూడూ కలిసి మొహాన కొడితే ఎవరికైనా తుమ్ము రావాల్సిందే. ఆ ఇంట్లో ఎవరైనా తుమ్మకుండా గడప దాటితే వాళ్లకి జలుబు చేసిందని అత్తయ్య మిరియాల కషాయం కాచేది. మామయ్య తెల్లారుజామునే స్నానం చేసి, తడి తువ్వాలు భుజాన వేసుకుని, అరుగు మీద కూర్చుని చదివేవాడు. ఏం చదివేవాడంటే, అచ్చు పడ్డది ఏదైనా. పేపరు, పాత పంచాంగం, ఎరువుల బస్తా మీది సూచనలు, పకోడీలు కట్టిచ్చిన కాగితం. నూనె మరక అడ్డొస్తే కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని మరీ చదివేవాడు. అచ్చులో ఉన్నదాన్ని చదవకుండా పారేయడం, కంచంలో అన్నం వదిలేయడం ఆయన దృష్టిలో ఒకే తప్పు.

అప్పుడే డిగ్రీలో తెలుగు మీడియం వచ్చింది, పుస్తకాలు మాత్రం రాలేదు. వత్సవాయి నుంచి, పరిటాల నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చే పిల్లలు నేను బోర్డు మీద రాసింది రాసినట్టు దించుకుని, అర్థం కాక నా మొహం చూసేవాళ్లు. వాళ్ల కోసం నేనే ఒక చిన్న పుస్తకం రాశాను. రాశాను అనేది కూడా పెద్ద మాటే. రెండు మూడు ఇంగ్లీషు పుస్తకాల్లోంచి తెలుగులోకి దించాను. క్షేత్రమంటే భయపడాల్సిందేమీ లేదు. అదొక సంఖ్యల గుంపు. అందులో ఏ రెండింటిని కూడినా, తీసేసినా, గుణించినా, సున్న కానిదానితో భాగించినా జవాబు మళ్లీ ఆ గుంపులోనే ఉండాలి. భిన్నాలుగా రాయగలిగిన అకరణీయ సంఖ్యలన్నీ అలాంటి గుంపే, దానికి క్యూ అని పేరు. రెండుకి వర్గమూలం అందులో ఉండదు. దాన్ని బయటి నుంచి తెచ్చి కలిపితే ఇంకో పెద్ద క్షేత్రం తయారవుతుంది. నా పుస్తకమంతా ఇంతే, ఒక క్షేత్రం మీద ఇంకో క్షేత్రం, దాని మీద మరొకటి, వాటికి కే, ఎఫ్ అంటూ ఇంగ్లీషక్షరాల పేర్లు.

పుస్తకం వేసిన ప్రెస్సు గాంధీ బొమ్మ వెనక సందులో ఉండేది. పెళ్లికార్డులు, రసీదు పుస్తకాలు, సినిమా కరపత్రాలు వాళ్ల బతుకుతెరువు. లోపల కిరసనాయిలు, సిరా వాసన. మస్తాన్ కిటికీ పక్కన నిలబడి ఎడమ చేతిలో స్టిక్కు అనే చిన్న ఇనప పళ్లెం పట్టుకుని, కుడి చేత్తో గడులున్న చెక్క కేసుల్లోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి, అతను నన్ను మాస్టారూ అండీ అనేవాడు. అది తప్పని అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు తోచినా ఆ నువ్వుని వెనక్కి తీసుకునే చోటు లేదు.

మూడో అధ్యాయం కంపోజింగు జరుగుతుండగా ఒక మధ్యాహ్నం వెళితే, మస్తాన్ స్టిక్కు పక్కన పెట్టి అడిగాడు.

"మాస్టారూ, మొదటి అధ్యాయంలో ఈ కే కిందుందండి, ఎఫ్ పైనుంది. ఇప్పుడేమో కే పైకెక్కి కూర్చుంది, ఎఫ్ కిందికొచ్చింది. మధ్యలో ఏవన్నా పంచాయితీ జరిగిందాండి?"

"నీకెందుకయ్యా. రాసింది రాసినట్టు కంపోజ్ చెయ్."

"చేస్తానండి. కాపోతే చదివే పిల్లలకి ఏది పెద్దదో ఏది చిన్నదో తెలవొద్దాండి?"

మొదటి అధ్యాయం ఒక పుస్తకం నుంచి, మూడో అధ్యాయం ఇంకో పుస్తకం నుంచి దించాను. ఒక రచయిత కింది క్షేత్రాన్ని కే అన్నాడు, ఇంకో రచయిత పై క్షేత్రాన్ని కే అన్నాడు. ఎం.ఎస్సీ. చదివిన నాకు కనపడని ఆ సంగతి, గణితమంటే ఏమిటో తెలియని మనిషికి, అద్దంలోలా తిరగబడ్డ సీసపు అక్షరాల్ని చదివే మనిషికి కనపడింది. ఎందుకంటే నేను కే రాయడానికి పెన్ను కదిపితే చాలు. అతను వెళ్లి గడిలో వెతికి, వేళ్లతో పట్టుకుని, తెచ్చి నిలబెట్టాలి. అంత పనిచేసి తెచ్చిన అక్షరం ఏ పని మీద వచ్చిందో అతనికి గుర్తుండేది.

అక్కడితో ఆగలేదు. "ఇంకోటండి. ఇంగ్లీషు పెద్దక్షరాలు మా దగ్గర దండిగా ఉన్నయ్. పెళ్లికొడుకుల ఇనీషియల్సు, డిగ్రీలు వెయ్యాలిగా మరి. చిన్నక్షరాలే గుప్పెడున్నయ్. మీరు సంఖ్యలన్నిటికీ ఇంగ్లీషు చిన్నక్షరాలే రాశారు, నాలుగు లైన్లకే కేసు ఖాళీ అవతంది. తెలుగక్షరాలు నాలుగు కేసులున్నయ్. సంఖ్యలకి తెలుగు వేసుకుంటే? క్షేత్రానికి ఇంగ్లీషు పెద్దక్షరం, సంఖ్యకి తెలుగక్షరం. చూడంగానే ఏది ఏందో తెలిసిపోద్ది. క్యూ ఒక్కటీ ఎప్పుడూ మారదంటన్నారు గదా, దాన్ని లావక్షరంలో వేస్తా."

"గణితం పెళ్లికార్డు కాదయ్యా."

"కాదనుకోండి. కానీ పెళ్లికార్డులో కూడా అందరి పేర్లూ ఒకే అక్షరంలో వేస్తే పెళ్లికొడుకెవరో తెలీదండి."

నేను వచ్చేశాను. మర్నాడు అతను అదే పేజీని రెండు రకాలుగా పేర్చి, రెండు ప్రూఫులు తీసి నా చేతిలో పెట్టాడు. ఒకటి నేను రాసినట్టు, ఒకటి తను చెప్పినట్టు. అవి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లాను. స్నానానికి వెళ్లి వచ్చేసరికి మామయ్య రెండూ అరుగు మీద పరుచుకుని చదువుతున్నాడు. మొదటిది పక్కకి నెట్టి, "ఒరే అబ్బాయ్, ఇందులో ఎవరు ఎవరింట్లో ఉన్నార్రా? అందరూ ఒకే మొహంగాళ్లు," అన్నాడు. రెండోది చాలాసేపు చూశాడు. "ఇది బాగుంది. ఇంగ్లీషక్షరం ఇల్లు, తెలుగక్షరం మనిషి. ఈ 'అ' అనేవాడు బయటోడు. వాణ్ణి తీసుకొచ్చి క్యూ ఇంట్లో చేర్చుకునేసరికి ఇల్లు పెద్దది చెయ్యాల్సొచ్చింది. అంతేగా?"

అంతే. అంతకంటే బాగా నేను ఏ క్లాసులోనూ చెప్పలేకపోయాను.

"ఈ ఏర్పాటు నీ బుర్రేనా?" అన్నాడు మామయ్య.

"ఆ," అన్నాను.

ఒక్క అక్షరం. ఆ పూట అత్తయ్య నా అన్నంలో రెండో గరిటె నెయ్యి వేసింది. మామయ్య ఎదురింటాయన్ని పిలిచి, మా అక్క కొడుకు లెక్కలకి కొత్త దారి కనిపెట్టాడని చెప్పాడు. ఎదురింటాయన అది కుంకుడుకాయల కొట్టు దాకా మోశాడు. నేను నెయ్యి కలుపుకుంటూ కూర్చున్నాను.

నెయ్యి అరిగాక సిగ్గేసింది. ముందుమాట చివర ఒక వాక్యం రాసి ప్రెస్సులో ఇచ్చాను. ఈ పుస్తకంలోని గుర్తుల పద్ధతి చెప్పిన కంపోజిటర్ షేక్ మస్తాన్‌కి కృతజ్ఞతలు అని. మస్తాన్ అది చదివాడు. ఆ రోజు నాకు టీ తెప్పించాడు, ఎప్పుడూ నేనే తెప్పించేవాణ్ణి. ఇంటికెళ్లి వాళ్లావిడకి చెప్పే ఉంటాడు. షమీమ్ అప్పటికి పుట్టలేదు.

వారం తిరక్కుండా ఆ వాక్యం తీయించేశాను. ఎందుకని ఎవరైనా అడిగితే పేజీ పొంగిందని, అంటే చోటు చాల్లేదని, చెప్పేవాణ్ణి. పేజీ పొంగలేదు. కొన్నాళ్లకి, కంపోజిటర్ చెబితే గణితం రాసుకున్నాడని యూనివర్సిటీవాళ్లు నవ్వుతారని భయపడ్డాననుకున్నాను. అందులో కాస్త పరువుంది గనక అదే నిజమని స్థిరపరచుకున్నాను. అదీ కాదు. యూనివర్సిటీవాళ్లు నా పుస్తకం చదవరని నాకు బాగా తెలుసు. చదివేది మా మామయ్య. అచ్చు పడ్డ ప్రతి అక్షరం చదువుతాడు, ముందుమాట అసలు వదలడు. చదివితే, నీ బుర్రేనా అంటే ఆ అన్నావు కదరా అంటాడు. ఒక మేనమామ ముందు ఒక్క పూట తలదించుకోవాల్సి వస్తుందని ఆ పని చేశాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదీ దొరకలేదు, చాలా వెతికాను.

ప్రూఫు మీద ఆ వాక్యానికి అడ్డంగా గీత గీసి ఇస్తే, మస్తాన్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు.

"ఈ లైను తీసెయ్యమంటారాండి?"

"పేజీ పొంగుతోందయ్యా."

"పొంగదండి. కింద ఇంకా చోటుంది."

"తీసెయ్."

"అట్టాగేనండి."

కట్టిన పేజీకి చుట్టిన దారం విప్పాడు. ఆ లైను మీద కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. సన్న పట్టకారుతో ఒక్కో అక్షరం పైకి లాగి, దాని గడిలో దాన్ని వేశాడు. షే ఒక చోట, క్ ఒక చోట, మ ఒక చోట. సీసం చెక్కకి తగిలి టిక్కుమనేది. తప్పు గడిలో ఒక్కటీ వేయలేదు. అయిపోయాక ఖాళీ అయినచోట అక్షరాల్లేని సీసపు ముక్కలు నింపి, మళ్లీ దారం చుట్టి, "సాయంత్రానికి మిషనెక్కుద్దండి," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇన్నేళ్లలో బస్టాండులో, బజార్లో, వాళ్ల పిల్ల పెళ్లిలో ఎన్నిసార్లు కలిశామో. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

షమీమ్ అడిగాక ఇంటికి వచ్చి బీరువాలోంచి పుస్తకం తీశాను. పేజీలు పచ్చబడ్డాయి, అక్షరం మాత్రం చెక్కు చెదరలేదు. ఇప్పుడు పిల్లలకి మంచి పుస్తకాలున్నాయి, అన్నీ ఇంగ్లీషులో. కే ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. మస్తాన్ వేసిన లావు క్యూ కూడా దేశదేశాల పుస్తకాల్లో అప్పటికే ఉందని తర్వాత తెలిసింది, కాబట్టి నేను దొంగిలించిన సొత్తులో సగం మస్తాన్‌దీ కాదు. సంఖ్యకి తెలుగక్షరం వేయడం మాత్రం నేను మరెక్కడా చూడలేదు. మా కాలేజీలో అదీ నాలుగైదేళ్లు నడిచి, మీడియంతో పాటే పోయింది. లెక్కల్లో డిగ్రీ చదువుతున్న మా మనవరాలు కే పైన ఎందుకుందని ఎప్పుడూ అడగదు, అడగాల్సిన అవసరం లేకుండా పుస్తకాలు వచ్చేశాయి. మంచిదేనా, కాదా అని కాసేపు ఆలోచించాను. ఏమీ తోచలేదు. ఈ మధ్య చాలా విషయాల్లో ఏమీ తోచడం లేదు.

ఒక్క ఉపాయం మాత్రం తోచింది. పేటలో డీటీపీ షాపుకి వెళ్లి, ముందుమాటని మస్తాన్ పేరుతో సహా పాత పుస్తకంలా ఒక పేజీ కొట్టిమ్మన్నాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి, "పాతదంటే ఏ ఫాంటు తాతగారూ?" అని పదిహేను రకాలు చూపించింది. పది నిమిషాల్లో పేజీ వచ్చింది. కాగితాన్ని టీ డికాక్షన్‌లో ముంచి ఎండబెడితే రంగు కూడా కలిసింది. గర్వపడ్డాను, దాచడమెందుకు. తర్వాత వేలితో తడిమి చూస్తే నున్నగా ఉంది. సీసం నొక్కిన కాగితానికి వెనకవైపు గుడ్డివాడికి కూడా తెలిసే గరుకుంటుంది. చుట్టాలకి తెలియదులే అనుకుని దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పుస్తకం సంచీలో వేసుకుని, నలభయ్యో రోజున నందిగామ బస్సెక్కాను.

ఫాతిహా అయ్యింది, పలావు పెట్టారు, తిన్నాను. చుట్టాలు భోజనాలయి కూర్చున్నాక షమీమ్ చేతులు కడుక్కుని, పైటకి తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. జేబులోది తీయాలో సంచీలోది తీయాలో అప్పటికీ తేల్చుకోలేదు. "తెచ్చారా సార్?" అంటూ సంచీలో కనపడుతున్న పుస్తకాన్ని ఆవిడే తీసుకుంది. ముందుమాట మొదటి నుంచి చివరి దాకా చదివింది. పేజీ తిప్పింది. మళ్లీ వెనక్కి తిప్పి ఇంకోసారి చదివింది.

"లేదు సార్."

"రెండో ముద్రణలో పోయిందేమోనమ్మా," అన్నాను. నోరు అలవాటు కొద్దీ అనేసింది.

షమీమ్ మొదటి పేజీ తెరిచి వేలు పెట్టింది. మొదటి ముద్రణ అని ఉంది. వేలు తీయలేదు. క్లాసులో తప్పు లెక్క చేసిన పిల్లవాడి కోసం ఆగినట్టు ఆగింది.

"ఉండేది. నేనే తీయించాను," అన్నాను.

"మీరా?"

"నేనే. మీ నాన్న చెప్పిన పద్ధతిని మా మామయ్య దగ్గర నాదని చెప్పుకున్నా. ఆయన చదువుతాడని తీయించా."

"ఎవరు తీశారు?"

"మీ నాన్నే. పేర్చింది ఆయనే గదమ్మా."

"తన పేరు తనే తీశాడా?"

"ఆ."

గుమ్మంలో ఎవరో చెప్పులు వెతుక్కుంటున్నారు. షమీమ్ అటు చూడలేదు. "మరి మాకు ఉందని ఎందుకు చెప్పాడు?" అంది, నాతో కాదు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆవిడ పుస్తకం లోపలి పేజీలు తిప్పుతూ పోయింది, ఒక చోట ఆగి పెదాలు కదుపుతూ ఒక నిరూపణ చదివింది. "సంఖ్యలన్నీ తెలుగులో ఉన్నయ్. బాగా తెలుస్తంది," అని, హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్రపెన్ను తీసింది, పేపర్లు దిద్దేది. ముందుమాట పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

"రాయండి."

జేబులోని టీ రంగు కాగితాన్ని జేబులోనే ఉంచి పెన్ను అందుకున్నాను. గుర్తుల పద్ధతి విషయంలో సహకరించిన కంపోజిటర్ షేక్ మస్తాన్ గారికి కృతజ్ఞతలు అని రాసి, కింద సంతకం పెట్టబోయాను.

"సార్," అంది షమీమ్. "సహకరించారా? చెప్పారా?"

"చెప్పారు."

'విషయంలో సహకరించిన' అన్న మాటలు కొట్టేసి, వాటి పైన 'చెప్పిన' అని రాశాను. కొట్టేసిన మాటలు అసలు కనపడకుండా చేద్దామని పెన్నుతో మళ్లీ మళ్లీ రుద్దుతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"అది చెరపకండి. అందరికీ కనపడాలి."